ముందు మడత, తర్వాత రంగు: హాలోవీన్ కాగితం బొమ్మలు ఎక్కడ చెడిపోతాయి

అక్టోబర్ మూడో వారం వచ్చి, 31న జరిగే దయ్యాల వేషాల పండగ హాలోవీన్ దగ్గరపడిందంటే అమెరికాలో చిన్నపిల్లలున్న ఇళ్ళలో ప్రింటర్‌కి తీరిక ఉండదు. గుమ్మడికాయలు, గబ్బిలాలు, దయ్యాలు, నల్లపిల్లులు అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసి ఇస్తే పిల్లలు అరగంట కదలకుండా రంగులేస్తారు. అంతవరకు బాగానే ఉంటుంది. గొడవంతా మడత పెట్టే దగ్గరే. మడత మీద రంగు పొరలుగా రాలుతుంది, కాగితం పగులుతుంది, కష్టపడి వేసిన దయ్యం మొహం తలకిందులుగా వస్తుంది, లేదా అసలు లోపలికి పోయి కనపడకుండా పోతుంది. పిల్లాడు ఏడుస్తాడు. పెద్దవాళ్ళు "వీడికి ఓపిక లేదు" అనో "చేతులు ఇంకా తిరగలేదు" అనో తేల్చేస్తారు.

నన్నడిగితే పదిలో ఎనిమిదిసార్లు తప్పు పిల్లల చేతులది కాదు. కాగితం తప్పుది దొరికింది, రంగు తప్పుది ఎంచుకున్నాం, అన్నిటికంటే ముఖ్యంగా వరస తిరగబడింది. ముందు రంగు, తర్వాత మడత అని అందరూ అదే సహజమనుకుంటారు, ఎందుకంటే ప్రింట్ చేతికొచ్చేసరికి అది రంగులేసే బొమ్మలాగే కనిపిస్తుంది కదా. కానీ మడత ఉన్న ఏ బొమ్మకైనా ముందు మడవాలి, విప్పాలి, అప్పుడు రంగులేయాలి, మళ్ళీ మడవాలి. ఎందుకో ఒక బొమ్మ పట్టుకుని చూద్దాం.

వేళ్ళు నాలుగు జేబుల్లో దూర్చి నోరులా తెరిచి మూసే ఫార్చూన్ టెల్లర్ తెలుసుగా? అమెరికా స్కూలు పిల్లల్లో దీనికి ఏడాది పొడవునా గిరాకీ ఉంటుంది, హాలోవీన్‌కి మాత్రం పైన నారింజ, నలుపు, ఊదా, ఆకుపచ్చ రంగులు, లోపల ఎనిమిది అంకెలు, వాటి కింద "గబ్బిలంలా ఎగురు", "పక్కవాళ్ళకి ఒక చాక్లెట్ ఇవ్వు" లాంటి మాటలు ఉంటాయి. చతురస్రపు కాగితం నాలుగు మూలల్నీ మధ్యకి మడిచి, తిరగేసి, మళ్ళీ నాలుగు మూలల్నీ మధ్యకి మడుస్తాం. ఇందులో చాలామంది గమనించని విషయం ఏంటంటే, పూర్తయిన బొమ్మ మీద పైనా లోపలా కనిపించేదంతా కాగితానికి ఒక్క వైపే. రెండో వైపు మొత్తం వేళ్ళు దూర్చే జేబుల్లోకి పోతుంది. అందుకే ప్రింట్ చేసిన వైపు బల్లకి ఆనించి, ఖాళీ వైపు పైకి పెట్టి మొదలుపెట్టాలి. ఇది తెలియక బొమ్మలున్న వైపు పైకి పెట్టి మడిస్తే, చివరికి చేతిలో తెల్లగా ఖాళీగా ఉన్న ఫార్చూన్ టెల్లర్ మిగులుతుంది, రంగులన్నీ లోపల దాక్కుంటాయి.

ఇప్పుడు దాన్ని పూర్తిగా విప్పి చూడండి. అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం పదహారు గళ్ళుగా ఊహించుకుంటే, బయటికి కనిపించే నాలుగు రంగుల చతురస్రాలు కాగితం నాలుగు మూలల్లో ఉన్న గళ్ళు. అంకెలు రాసిన ఎనిమిది త్రిభుజాలు నాలుగు అంచుల మధ్యలో, అంచుకి రెండు చొప్పున ఉంటాయి. ఆ జోస్యం మాటలు కాగితం మధ్య భాగంలో. ఒక్కో ముక్కా ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది. ఆరేళ్ళ పిల్లకి చదునైన కాగితం ఇచ్చి "ఇక్కడ గుమ్మడికాయ వెయ్యి, అది రేపు ఇటు తిరుగుతుంది" అని చెబితే అర్థమవుతుందా? పెద్దవాళ్ళకే కాదు. అదే ముందు ఉత్త కాగితంతో బొమ్మ చేసేసి, చేతిలో పట్టుకుని ఏది ఎక్కడుందో దాని మీదే పెన్సిల్‌తో చిన్న గుర్తులు పెట్టించి, అప్పుడు విప్పి రంగులేయమనండి. అంకెలూ మొహాలూ ఎందుకు అడ్డదిడ్డంగా తిరిగాయో వాళ్ళకే కనిపిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. ముందే పడ్డ మడత గీత రంగు తర్వాత కూడా అక్కడే ఉంటుంది కాబట్టి, రెండోసారి మడవడానికి చిన్న చేతులకి బలం అక్కర్లేదు, కాగితం తనంతట తనే ఆ గీత వెంట లొంగుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. నీళ్ళ రంగులు వేసేటట్టయితే ముందే వేసి, బాగా ఆరనిచ్చి, బరువైన పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచాక మడవాలి. తడి కాగితం మీద పాత మడత గీతలు కాలవల్లా రంగుని లాగేసుకుంటాయి, అక్కడ ముదురు మరకలు పడతాయి. ఇక మూడేళ్ళ పిల్లలకైతే ఈ వరసలేవీ అక్కర్లేదు, వాళ్ళకి రంగు పూయడమే పండగ, దయ్యం ఎటు చూస్తే వాళ్ళకేం.

రంగుల సంగతి కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతుంది. మైనం క్రేయాన్లు కాగితంలోకి ఇంకవు, పైన పొరలా కూర్చుంటాయి. ఒత్తి రుద్దితే ఇంకా మందంగా. ఆ పొరని మడిస్తే పెచ్చులూడుతుంది, తెల్ల గీత బయటపడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, మైనం మీద గ్లూ స్టిక్ అంటదు. "జిగురు పనిచేయట్లేదు" అని ఇంకా ఇంకా పూసేవాళ్ళని చూస్తుంటాను, అక్కడ మైనం ఉన్నంతవరకు ఎంత పూసినా ఊడిపోతుంది. అతికించే పట్టీలకి రంగు వేయొద్దని ముందే చెప్పి, వాటి మీద పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత కొట్టి ఇస్తే సరిపోతుంది. మార్కర్లు, అంటే మన స్కెచ్ పెన్నులు, నీటితో చేసిన సిరావి. కాగితంలోని నారలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, ఒకవైపే తడిస్తే కాగితం ముడుచుకుంటుంది. ఒకేచోట పదిసార్లు రుద్దితే (నలుపు రంగు దొరికిన పిల్లలెవరైనా అదే చేస్తారు) పైపొర నలకలుగా లేచిపోతుంది, సరిగ్గా ఆ చోటే మడత పడితే చిరుగుతుంది. మడతల బొమ్మలకి అన్నిటికంటే మంచివి కలర్ పెన్సిళ్ళు. పల్చగా పడతాయి, కాగితం తడవదు, జిగురుకీ పెద్దగా అడ్డం రావు. పిల్లలకి అవి నచ్చవు, రంగు వెంటనే నిండదు కాబట్టి. అందుకని నేను చెప్పే రాజీ ఏంటంటే, మడతలూ పట్టీలూ ఉన్న చోట పెన్సిల్, కళ్ళూ పళ్ళూ నోరూ లాంటి వాటికి మార్కర్.

ప్రింటర్ కూడా ఇందులో భాగమే. లేజర్ ప్రింటర్‌లో పడేది సిరా కాదు, వేడితో కాగితం మీద కరిగి అంటుకునే ప్లాస్టిక్ పొడి. దాని మీద మార్కర్ వేసినా గీతలు చెదరవు, కానీ పెద్ద నల్లటి భాగాన్ని మడిస్తే పగుళ్ళు తేలతాయి. ఇంక్‌జెట్ సిరా కాగితంలోకి ఇంకుతుంది కాబట్టి మడతకి బాగుంటుంది, కానీ చాలా ఇంటి ప్రింటర్లలో మార్కర్ తగలగానే గీతలు పాకి బూడిదరంగు మరకలవుతాయి. కాబట్టి ఉత్త గీతల బొమ్మ అయితే లేజర్, పెన్సిల్ రంగులైతే ఏదైనా పరవాలేదు. నిండా నల్లగా ఉన్న గబ్బిలాన్ని ప్రింట్ తీయడం మాత్రం సిరా దండగ, పైగా మడతకి పనికిరాదు. నల్ల కాగితం కొనుక్కుని, కళ్ళు మాత్రం తెల్ల పెన్సిల్‌తో వేయిస్తే అయిపోతుంది.

సరే, కాగితం. అమెరికా దుకాణంలో కాగితం మందం చూడాలంటే బుర్ర తిరిగిపోతుంది. మన దగ్గర జీఎస్ఎం అని ఒకే లెక్క, చదరపు మీటరుకి ఎన్ని గ్రాములని. జిరాక్స్ కాగితం 70, 75 ఉంటుంది. అమెరికాలో పౌండ్లు. 20 పౌండ్ల కాగితం అంటే మామూలు ప్రింటర్ కాగితం, 75 జీఎస్ఎం. మరి 60 పౌండ్లదంటే దానికి మూడింతలు మందమా? కాదు, "టెక్స్ట్" రకంలో 60 పౌండ్లంటే 89 జీఎస్ఎం మాత్రమే. అదే "కవర్" రకంలో 65 పౌండ్లయితే 176 జీఎస్ఎం, గట్టి అట్టలాంటిది. "ఇండెక్స్" రకంలో 110 పౌండ్లు 199 జీఎస్ఎం. కారణం ఏంటంటే ఆ పౌండ్లు 500 షీట్ల బరువు, కానీ ఏ సైజు షీట్లవి అన్నది రకాన్ని బట్టి మారుతుంది. బాండ్ కాగితానికి, అంటే ఆ మామూలు ప్రింటర్ కాగితానికి, 17×22 అంగుళాలు, కవర్‌కి 20×26, టెక్స్ట్‌కి 25×38. అంటే రెండు వేరు రకాల కాగితాల పౌండ్లని పోల్చడంలో అర్థమే లేదు. ప్యాకెట్ మీద ఓ మూల చిన్న అక్షరాల్లో జీఎస్ఎం కూడా తరచూ ఉంటుంది, అది వెతుక్కోవడం మేలు. పలుమార్లు మడిచే బొమ్మకి 60 నుంచి 80 జీఎస్ఎం మధ్య చాలు. ఒకటి రెండు మడతలుండి నిలబడాల్సిన వాటికి, గ్రీటింగ్ కార్డూ దయ్యాల కొంపా లాంటివాటికి, 160 నుంచి 200. ఫార్చూన్ టెల్లర్‌ని 176 జీఎస్ఎం కాగితంతో చేయించబోతే పెద్దవాళ్ళ గోళ్ళే నొప్పి పుడతాయి, ఎందుకంటే రెండు దఫాల మడతలయ్యేసరికి నాలుగు పొరలు, సగానికి మడిచేసరికి ఎనిమిది.

ఇక కన్‌స్ట్రక్షన్ పేపర్ అని రంగురంగుల గరుకు కాగితం, అమెరికాలో ప్రతి కిండర్‌గార్టెన్ అలమరాలోనూ కట్టలు కట్టలుగా ఉంటుంది. చవక, రంగులు బావుంటాయి. కత్తిరించి అతికించడానికి మంచిదే. మడతకి మాత్రం శత్రువు. ముతక కలప గుజ్జుతో చేస్తారు, నారలు వదులుగా ఉంటాయి, గట్టిగా మడిస్తే గీత వెంట పగిలిపోతుంది. హాలోవీన్ గబ్బిలాలు నూటికి తొంభై దీంతోనే చేయిస్తారనిపిస్తుంది, అందుకే రెక్కలు ఊడతాయి. ఇండియాలో దొరికే గ్లేజ్ పేపర్, ఒకవైపు రంగూ ఒకవైపు తెలుపూ ఉండేది, దీనికంటే ఎన్నో రెట్లు నయం.

కాగితానికి వాలు కూడా ఉంటుంది. మిల్లులో గుజ్జు జల్లెడ మీద పరుగెత్తేటప్పుడు నారలు ఎక్కువగా ఆ పరుగు దిక్కుకే సర్దుకుంటాయి. ఆ దిక్కుగా మడిస్తే మడత సాఫీగా పడుతుంది, అడ్డంగా మడిస్తే మొరాయిస్తుంది, మందపాటి కాగితమైతే పగులుతుంది. ఎలా తెలుసుకోవాలంటే, మడవకుండా కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి, ఏ వంపుకి తేలిగ్గా లొంగితే వాలు ఆ వంపు గీత వెంట ఉన్నట్టు. కార్డు మధ్య మడత ఎప్పుడూ ఆ దిక్కుగానే ఉండాలి. గట్టి కాగితం అయితే ముందుగా స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో గీత గీయండి. గాడి పడుతుంది, వెనక సన్నగా ఉబ్బుతుంది. చాలామంది గాడిలోకి మడుస్తారు. నిజానికి ఉబ్బిన వైపు లోపలికి వచ్చేలా, గాడి బయటికి ఉండేలా మడిస్తేనే పగలదు. ఒక ముక్క మీద రెండు రకాలుగానూ మడిచి చూడండి.

టెంప్లేట్ల మీద, అంటే మనం ప్రింట్ తీసే ఈ నమూనాల మీద, గీతలకి కూడా ఒక భాష ఉంది. నిండు గీత కనిపిస్తే కత్తిరించాలి, తెగిన గీత కనిపిస్తే లోయ మడత, అంటే మీ వైపు మడవాలి. గీత-చుక్క-గీత అయితే కొండ మడత, వెనక్కి మడవాలి. మడతల బొమ్మలకి ఈ గుర్తుల పద్ధతి జపాన్‌కి చెందిన అకిరా యోషిజావా 20వ శతాబ్దం మధ్యలో స్థిరపరిచిందే, తర్వాత ప్రపంచమంతా వాడుతోంది. ఉచిత టెంప్లేట్లలో సగం దీన్ని పాటించవు, అన్నిటికీ ఒకే చుక్కల గీత పెట్టేసి వదిలేస్తారు. కాబట్టి పిల్లలకి ఇచ్చే ముందు పెద్దవాళ్ళు ఒకటి చేసి చూసి, కొండ మడతలకి ఎర్ర పెన్సిల్, లోయ మడతలకి నీలం పెన్సిల్ పెట్టి ఇస్తే సగం టెన్షన్ పోతుంది.

ఈ పండక్కి కాగితం ఎందుకింత ముఖ్యమైందో కూడా చెప్పాలి. ఐర్లండ్, స్కాట్లండ్‌ల నుంచి వలస వచ్చినవాళ్ళు 19వ శతాబ్దంలో ఈ ఆచారాల్ని అమెరికాకి తెచ్చారు. అక్కడ టర్నిప్ దుంపల్ని తొలిచి దీపాలు పెట్టేవాళ్ళు, ఇక్కడ వాళ్ళకి గుమ్మడికాయ దొరికింది. కానీ అలంకరణ అనేది పెద్ద వ్యాపారమైంది 20వ శతాబ్దం మొదట్లోనే. మసాచుసెట్స్‌లోని డెన్నిసన్ కంపెనీ తన క్రేప్ కాగితం (ముడతలు ముడతలుగా ఉండి సాగే పల్చటి కాగితం) అమ్ముకోవడానికి 1909లో బోగీ బుక్ అని ఒక చిన్న పుస్తకం వేసింది, హాలోవీన్ పార్టీకి ఇల్లు, బల్ల, బట్టలు కాగితంతో ఎలా ముస్తాబు చేయాలో చెప్పడమే దాని పని. పెన్సిల్వేనియాలోని బీస్టిల్ కంపెనీ తేనెపట్టులా విచ్చుకునే పల్చటి కాగితం గుమ్మడికాయలు, కీళ్ళ దగ్గర కదిలే అట్ట అస్థిపంజరాలు అమ్మింది. ఆ రోజుల్లో హాలోవీన్ రాత్రంటే కుర్రాళ్ళ ఆగడాలకి పేరు, గేట్లు పీకేయడం, కిటికీలకి సబ్బు రుద్దడం లాంటివి. పిల్లల్ని ఇంట్లో పార్టీల వైపు, తర్వాత ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడగడం వైపు మళ్ళించాలని పెద్దవాళ్ళు చూశారు. చవకగా కొని, ఆడుకుని, మర్నాడు పారేయగలిగేది కాగితమే కదా.

చిన్నపిల్లల బడిలోకి మడతలు వచ్చిన దారి వేరు. కిండర్‌గార్టెన్‌ని మొదలుపెట్టిన జర్మన్ ఉపాధ్యాయుడు ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 19వ శతాబ్దంలోనే కాగితం మడవడాన్ని పిల్లలకి ఒక పనిగా పెట్టాడు. ఆ కిండర్‌గార్టెన్ సామగ్రి చూసి ప్రేరణ పొంది, మద్రాసులో టి. సుందరరావు 1893లో కాగితం మడతలతో జ్యామితి నేర్పే పుస్తకం ఇంగ్లీషులో రాశారు, 1901లో అది చికాగోలో మళ్ళీ అచ్చయింది. అంటే మడతల్లో లెక్కలు చూపించిన తొలి పుస్తకాల్లో ఒకటి మద్రాసు నుంచే అమెరికా చేరిందన్నమాట. ఇది తెలిస్తే "క్రాఫ్టులంటే టైం పాస్, లెక్కలు చేయించండి" అనే తాతయ్యల నోరు కాసేపైనా మూయించవచ్చు.

ఏ వయసుకి ఏ బొమ్మ అంటే, నా లెక్క ఇది. నాలుగేళ్ళకి చతురస్రాన్ని మూలకి మూల కలిపి త్రిభుజం చేసి, రెండు చివర్లు పైకి మడిస్తే పిల్లి మొహం, అంతకంటే ఏమీ వద్దు. అయిదారేళ్ళకి దయ్యాల దండ. లెటర్ కాగితాన్ని (అమెరికాలో మామూలు ప్రింటర్ కాగితం సైజు) పొడవునా చీల్చి, 11 అంగుళాల పట్టీని ముందుకీ వెనక్కీ నాలుగు మడతలుగా విసనకర్రలా పెడితే ఒక్కోటి 2.75 అంగుళాలు వస్తుంది, దాని మీద దయ్యం గీసి కత్తిరించాలి. దయ్యం చేతులు రెండు పక్కలా మడత అంచు దాకా వెళ్ళాలి, అక్కడ కత్తెర తగలకూడదు, తగిలితే దండ కాదు నాలుగు విడి దయ్యాలు. పిల్లల కత్తెర నాలుగు పొరలు దాటి కోయదు, కాబట్టి పొడవు కావాలంటే రెండు దండలు చేసి అతికించడమే. మొహాలు కత్తిరించాక విప్పి వేయించండి, ఒక్కో దయ్యానికి ఒక్కో మొహం వేయడంలోనే వాళ్ళకి మజా.

మంత్రగత్తె టోపీకి అమ్మమ్మలు కావాలి. కిరాణా కొట్లో పల్లీలు కట్టిచ్చే పొట్లం చుట్టడం వచ్చినవాళ్ళకి శంఖాకారం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. అక్టోబర్‌లో అమెరికా వచ్చి ఉన్న అమ్మమ్మని పిలిచి కూర్చోబెడితే, వాకిట్లో వేలాడదీసిన అస్థిపంజరం గురించి ఆవిడ అభ్యంతరం కూడా కాసేపు వెనక్కి పోతుంది. లెక్క మాత్రం చూసుకోవాలి. అర్ధవృత్తాన్ని చుడితే టోపీ అడుగు చుట్టుకొలత, వ్యాసార్ధానికి 3.14 రెట్లు. అయిదేళ్ళ పిల్ల తల చుట్టూ సుమారు 50 సెంటీమీటర్లుంటుంది, అతికించే భాగం కూడా కలుపుకుంటే వ్యాసార్ధం 17 కావాలి, అంటే 34 సెంటీమీటర్ల వెడల్పు కాగితం. లెటర్ కాగితం పొడవే 28 లోపు, ఏ4 కూడా 29.7. కాబట్టి చార్ట్ పేపరే దిక్కు. మామూలు కాగితంతో చేస్తే టోపీ బొమ్మ నెత్తికో గుమ్మడికాయ నెత్తికో సరిపోతుంది.

ఏ4 అన్నాను కాబట్టి, హైదరాబాదులోనో విజయవాడలోనో అమెరికా టెంప్లేట్ ప్రింట్ తీసేవాళ్ళకి ఒక మాట. లెటర్ కాగితం 216 మిల్లీమీటర్ల వెడల్పు, ఏ4 210. "అసలు సైజు" అని పెట్టి ప్రింట్ కొడితే పక్కల్లో గీతలు తెగిపోతాయి, "పేజీకి సరిపెట్టు" అని పెట్టాలి, బొమ్మ కొద్దిగా చిన్నదవుతుంది, అంతే.

ఇలాంటి కాగితాల తేడా వల్లే పుట్టిన బొమ్మ ఒకటుంది. 1939లో ప్రిన్స్‌టన్‌లో చదువుకోడానికి వచ్చిన ఆర్థర్ స్టోన్ అనే ఇంగ్లండ్ కుర్రాడికి అమెరికా కాగితాలు తన ఇంగ్లండ్ ఫైలులో పట్టలేదు. అంచులు కత్తిరించాడు, మిగిలిన పట్టీల్ని ఊరికే మడుస్తూ కూర్చుంటే హెక్సాఫ్లెక్సగాన్ తయారైంది. మూడు మొహాలున్న షట్కోణం, మధ్యలో చిటికేసినట్టు తెరిస్తే లోపలి మొహం బయటికొస్తుంది. తర్వాత దాన్ని తరచిచూసిన స్నేహితుల్లో, ఆ పైన భౌతికశాస్త్రంలో పేరుమోసిన రిచర్డ్ ఫైన్‌మన్ ఒకడు. పది సమబాహు త్రిభుజాల పట్టీ చాలు, చివరి త్రిభుజం జిగురుకి. హాలోవీన్‌కి ఇంతకంటే సరిపోయే బొమ్మ నాకు తెలియదు: ఒక మొహం గుమ్మడికాయ, తెరిస్తే దయ్యం, మళ్ళీ తెరిస్తే పిల్లి. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి ఇవ్వండి. ఇందులో ముందే రంగులేయడం దాదాపు అసాధ్యం, ఎందుకంటే ఒక్కో మొహంలోని ఆరు త్రిభుజాలు పట్టీకి రెండువైపులా చెల్లాచెదురుగా ఉంటాయి. మడిచి, అతికించి, కనిపించిన మొహానికి రంగేసి, తెరిచి, తర్వాతి మొహానికి వేయాలి. ఇక్కడ మైనం క్రేయాన్ పెడితే నాలుగోసారి తెరిచేసరికి రంగంతా వేళ్ళకే.

2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. మిగతా ఏళ్ళలో కూడా రెండింటికీ దూరం మహా అయితే రెండు వారాలే, అందుకే అమెరికాలో తెలుగువాళ్ళ గుమ్మంలో కాగితం గబ్బిలాలూ ప్రమిదలూ ఒకేసారి ఉండటం మామూలే. క్రేప్ కాగితం, పల్చటి కాగితం నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటాయి, వాటికి మైనం రంగు కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. కాగితం లాంతరు లోపల బ్యాటరీ దీపమే పెట్టండి, దయ్యాల దండని గుమ్మానికి పైన కట్టి, ప్రమిదల్ని మెట్ల మీద, దానికి దూరంగా పెట్టుకోండి. గాలి ఎటు వీస్తుందో కూడా చూసుకోండి, ఎందుకంటే అక్టోబర్ చివర్లో న్యూజెర్సీలో ఆ దండ ఒకచోట నిలవదు.